కుర్చీలు మోసినవాళ్లు

మా ఇంట్లో ముందుగది గోడకి ఒక గ్రూపు ఫోటో ఉండేది. మా నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్. నేను పుట్టి పెరిగింది ఒక చిన్న జంక్షన్‌లో, రైల్వే క్వార్టర్స్‌లో. ఆ ఫోటో మా సెక్షన్ పీడబ్ల్యూఐ గారు రిటైరైన రోజున తీసింది. పీడబ్ల్యూఐ అంటే పట్టాల ఇన్‌స్పెక్టరు. మా వాళ్లందరికీ మాత్రం ఆయన "దొరగారే". ముందు వరసలో ఏడు కుర్చీలు. మధ్య కుర్చీలో మెడలో బంతిపూల దండతో దొరగారు. అటూ ఇటూ పై అధికారులు, స్టేషను మాస్టరు, డాక్టరు. వెనక నిలబడ్డవాళ్లు గుమస్తాలు, మేస్త్రీలు. కింద జంపఖానా మీద ఆఫీసర్ల పిల్లలు.

ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ ఆ ఫోటో దగ్గరకెళ్లి, కళ్లు చికిలించి చూసి, "ఇందులో మీ నాన్న ఎవర్రా?" అని అడిగేవాళ్లు. నాన్న అందులో లేడు. లేనప్పుడు గోడకెందుకు తగిలించారని ఓసారి మా మేనమామ వేళాకోళమాడితే అమ్మ ఊరుకోలేదు. "బళ్లోంచి ఆ కుర్చీలు మోసుకొచ్చింది ఈయనే కదా అన్నయ్యా!" అంది.

ఈ మాట నాకు మళ్లీ గుర్తొచ్చింది మా జంక్షన్‌లో కాదు. ఇక్కడికి సగం ప్రపంచం అవతల, అమెరికాలోని యూటా రాష్ట్రంలో తీసిన ఒక పాత ఫోటో చూస్తుంటే. ఆ ఊరి పేరు ప్రొమొంటరీ. ఊరు అని అంటున్నాను గానీ అది అసలు ఊరేనా అన్నది వేరే సంగతి, అక్కడికీ వస్తాను. 1869 మే 10న ఆ చోట అమెరికా తూర్పు నుంచి వచ్చిన రైలు పట్టాలూ, పడమర నుంచి వచ్చిన రైలు పట్టాలూ కలిశాయి. తూర్పున ఒమాహా నుంచి యూనియన్ పసిఫిక్ కంపెనీ 1,086 మైళ్లు వేసుకుంటూ వచ్చింది. పడమట శాక్రమెంటో నుంచి సెంట్రల్ పసిఫిక్ కంపెనీ 690 మైళ్లు వేసుకుంటూ వచ్చింది. రెండూ ఎదురుపడ్డ చోట ఆండ్రూ జె. రసెల్ అనే ఫోటోగ్రాఫరు ఒక ఫోటో తీశాడు. అమెరికాలో బడికెళ్లిన ప్రతి పిల్లా పిల్లవాడూ పాఠ్యపుస్తకంలో చూసే ఫోటో అది.

మీరు దాన్ని చూడలేరు, నేను రేడియోలో మాట్లాడుతున్నాను. కాబట్టి మాటల్లోనే చూపిస్తాను.

రెండు ఆవిరి ఇంజన్లు ముక్కుకి ముక్కు ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. ఎడమవైపుది సెంట్రల్ పసిఫిక్ వాళ్ల జూపిటర్. దాని పొగగొట్టం పైన గరాటులా విచ్చుకుని ఉంటుంది. కట్టెలు కాల్చే ఇంజను కాబట్టి నిప్పురవ్వలు బయటికి ఎగరకుండా ఆ ఏర్పాటు. కుడివైపుది యూనియన్ పసిఫిక్ వాళ్లది. దానికి పేరు లేదు, నంబరే పేరు, 119. బొగ్గుతో నడిచేది, అందుకని గొట్టం నిటారుగా, సన్నగా ఉంటుంది. రెండు ఇంజన్ల మధ్యా నేలమీద, ఇంజన్ల మీదా మనుషులు కిక్కిరిసి ఉన్నారు. టోపీలు, గడ్డాలు, బూట్లు. నట్టనడుమ ఇద్దరు ఇంజనీర్లు చేయీ చేయీ కలుపుతున్నారు. ఒకరు సామ్యూల్ మాంటేగ్, రెండోవారు గ్రెన్‌విల్ డాడ్జ్. వాళ్ల తలల మీదుగా, ఈ ఇంజను ముందు నిలబడ్డవాడు ఒక సీసా చాస్తే, ఆ ఇంజను ముందున్నవాడు ఇంకో సీసా చాస్తున్నాడు. రెండు కంపెనీల పెళ్లికి వియ్యంకులు గుండిగలు మార్చుకుంటున్నట్టు ఉంటుంది. ఆకాశం మాత్రం తెల్లగా, ఖాళీగా, చాకలి బండ మీద ఆరేసిన దుప్పటిలా ఉంటుంది. మేఘం లేదు, పక్షి లేదు.

ఆకాశం అలా ఎందుకుందో చెప్పాలంటే ఆ రోజుల్లో ఫోటో ఎలా తీసేవారో చెప్పాలి. అది నాకు ఇష్టమైన భాగం, కొంచెం ఓపిక పట్టండి.

అప్పట్లో ఫిల్ము లేదు. గాజు పలక ఉండేది. రసెల్ వాడిన పెద్ద పలకలు అడ్డం పదమూడు అంగుళాలు, నిలువు పది అంగుళాలు. ఈథరూ ఆల్కహాలూ కలిపిన ద్రవంలో ఒకరకం మందుపత్తిని కరిగిస్తే తేనెలాంటి పాకం తయారవుతుంది. దాని పేరు కొలోడియన్. ఆ పాకాన్ని గాజు పలక మీద పోసి, దోసె పెనం మీద నూనె తిప్పినట్టు పలకని నాలుగు మూలలకీ వంచాలి. ఎక్కడా బుడగ రాకూడదు, ఎక్కడా చార కట్టకూడదు. తర్వాత చీకటి గుడారంలోకి పోయి వెండి నైట్రేటు నీళ్లలో ముంచాలి. ఆ తడి ఆరకముందే కెమెరాలో పెట్టి ఫోటో తీయాలి. తీశాక మళ్లీ గుడారంలోకి పరుగెత్తి, ఆరకముందే మందుపోసి బొమ్మ తేల్చాలి. మొత్తం పది పదిహేను నిమిషాల్లో అయిపోవాలి. ఎడారి గాలికి పలక ఆరిపోయిందా, అంతే సంగతులు, ఆ గాజు కడిగి మళ్లీ మొదటికి రావాల్సిందే. రాళ్ల దారిలో బండి మీద ఆ గాజు పలకలూ, సీసాలూ, విషపు మందులూ మోసుకుంటూ ఆ కాలపు ఫోటోగ్రాఫర్లు కొండలెక్కారు. రసెల్ మామూలు మనిషి కాదు. అంతర్యుద్ధంలో సైన్యం తరఫున ఫోటోలు తీసినవాడు.

ఆ పాకం నీలిరంగు వెలుతురుకి తొందరగా స్పందిస్తుంది. అందుకే నీలాకాశం ఎప్పుడూ తెల్లగా మాడిపోతుంది. ఇంకో చిక్కు, కదిలిన మనిషి దొరకడు. కొన్ని క్షణాల పాటు కదలకుండా ఉన్నవాడికే ముఖం. తల తిప్పినవాడికి ముఖం బదులు పొగ మిగులుతుంది. ఆ కాలపు ఫోటోల్లో కూలీలు సుత్తి ఎత్తి పని చేస్తున్నట్టు కనిపిస్తే, పనిలో ఉండగా తీశారని అనుకోకండి. "అలాగే ఉండండి" అంటే సుత్తి పట్టుకుని నిలబడిపోయినవాళ్లు వాళ్లు. పని ఆపితే తప్ప పనివాడు ఫోటోలో పడడు, అప్పటి కెమెరా అలాంటిది.

ఇప్పుడు ఊరి సంగతి. ప్రొమొంటరీలో అంతకుముందు ఏమీ లేదు. గడ్డి దుబ్బులు, రాళ్లు, దక్షిణాన దూరంగా గ్రేట్ సాల్ట్ లేక్ అనే ఉప్పు సరస్సు. పట్టాలు వచ్చిపడగానే పట్టాల పక్కన ఒకే ఒక్క వీధి పుట్టింది. వీధికి ఒకవైపే ఇళ్లు, రెండోవైపు రైలు కట్ట. ఇళ్లంటే గుడ్డ గుడారాలు. కొందరు ముందువైపు మాత్రం చెక్కలు కొట్టి, వాటి మీద బోర్డు రాయించారు, దూరం నుంచి చూసినవాడికి నిజమైన అంగడిలా కనిపించాలని. మన జాతరల్లో సినిమా డేరాకి ముందు తాటాకు కోట కడతారే, ఆ తరహా. సారా అంగళ్లు, హోటళ్లు, మూడు ముక్కలాట ఆడించి ప్రయాణికుల జేబులు ఖాళీ చేసేవాళ్లు. తాగడానికి నీళ్లు లేవు, రైలు ట్యాంకర్లలో దూరం నుంచి తెచ్చుకోవాలి. సారాకి మాత్రం కరువు లేదు.

ఈ గుడారాల ఊళ్లు రైలు పనితోపాటు నడిచేవి. పట్టాలు ముందుకి పోతే గుడారాలు విప్పుకుని, బళ్లకెత్తుకుని, ఊరు ఊరంతా ముందుకి పోయేది. అందుకని "మొదటి నివాసులు" అన్న మాట ప్రొమొంటరీకి సరిగ్గా అతకదు. వాళ్లలో ఎక్కువమంది పోయిన నెల వేరే ఊరి నివాసులు, వచ్చే నెల ఇంకో ఊరి నివాసులు. కాపురమంటే గట్టిగా చేసినవాళ్లలో నాకు గుర్తుండిపోయింది హన్నా స్ట్రోబ్రిడ్జ్. సెంట్రల్ పసిఫిక్ పనులు నడిపించిన జేమ్స్ స్ట్రోబ్రిడ్జ్ భార్య. ఆమె కాపురం ఒక రైలు పెట్టెలో. పని ఎక్కడుంటే పెట్టె అక్కడ. ఆ పెట్టెకి వరండాలా గుడ్డ పందిరి దించి, గుమ్మం ముందు పంజరంలో పిట్టని వేలాడదీసుకుందని అప్పటి పత్రికవాళ్లు రాశారు. సియెరా నెవాడా కొండల మంచులోంచి ఈ ఎడారి దాకా సాగిన కాపురం! రైల్వే క్వార్టర్లో పెరిగినవాణ్ణి, బదిలీ అంటే ఏమిటో తెలిసినవాణ్ణి, ఆ పంజరం గురించి చదివి చాలాసేపు అక్కడే ఆగిపోయాను. పట్టాలు ఎంత గడగడలాడినా, ఆ పిట్ట నీళ్లగిన్నె ఒలకకుండా ఎలా చూసుకునేదో.

పట్టాలు కలిసిన రోజు తంతు గురించి ఎక్కువ చెప్పను, అది అందరూ చెప్పేదే. బంగారు మేకు చేయించారు. దాని మీద మే 8 అని చెక్కించారు. తీరా పని జరిగింది 10న. యూనియన్ పసిఫిక్ వైస్ ప్రెసిడెంటు థామస్ డ్యురాంట్ ప్రయాణిస్తున్న పెట్టెని జీతాలు అందని పనివాళ్లు దారిలో ఆపేసి, డబ్బు వస్తే గానీ కదలనివ్వలేదు. పైగా వానలకి దారి కొట్టుకుపోయింది. బంగారం మీద చెక్కిన తేదీ కంటే కూలి బాకీ బలమైందన్నమాట. బంగారు మేకుని సుత్తితో కొట్టలేదు. ముందే బెజ్జం వేసి ఉంచిన నున్నటి చెక్కలో మెల్లగా దించి, మళ్లీ పైకి తీసేశారు. ఆ తర్వాత మామూలు ఇనప మేకు కొట్టారు. టెలిగ్రాఫు తీగ మీద దేశమంతా ఒక్కటే మాట వెళ్లింది, "అయింది" అని. ఆ చోట వేసిన స్లీపరు చెక్కల్ని జనం గుర్తుగా దాచుకుంటామని కత్తులతో చెక్కి చెక్కి తీసుకుపోయారు. మళ్లీ మళ్లీ కొత్తవి మార్చాల్సి వచ్చింది. బంగారు మేకు ఇప్పుడు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఉంది. ఆ నున్నటి చెక్క 1906లో శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపం తర్వాత రేగిన మంటల్లో కాలిపోయింది.

మళ్లీ ఆ ఫోటో దగ్గరికి వద్దాం. అందులో లేనివాళ్ల దగ్గరికి.

సెంట్రల్ పసిఫిక్ కంపెనీ 1865లో మొదట ఓ యాభైమంది చైనావాళ్లని పరీక్షగా పనిలో పెట్టింది. స్ట్రోబ్రిడ్జ్‌కి వాళ్ల మీద నమ్మకం లేదు. సన్నగా పీలగా ఉన్నారు, ఈ పని వీళ్లవల్ల కాదన్నాడు. రెండేళ్లు తిరిగేసరికి ఆ కంపెనీ పనివాళ్లలో పదింట తొమ్మిదిమంది వాళ్లే. వేలకు వేలు. సియెరా నెవాడా కొండల్లో నల్లరాయిని తొలిచి 1,659 అడుగుల పొడవున శిఖర సొరంగం వేసింది వాళ్లు. రాయి ఎంత గట్టిదంటే, కొన్నిచోట్ల రోజంతా తవ్వితే అడుగు ముందుకి జరిగితే గొప్ప. 1866-67 చలికాలంలో ఇళ్ల మీదికి, శిబిరాల మీదికి మంచు కొండలు జారిపడ్డాయి. మంచు కింద సొరంగాలు చేసుకుని, అందులోంచి నడిచి పనికిపోయి, అందులోంచే తిరిగి వచ్చేవారు.

అది కలరా ఉన్న కాలం. గుంటల్లో నీళ్లు తాగి మిగతా కూలీలు జబ్బు పడితే, చైనావాళ్లు పడేవారు కాదట. వాళ్లు తాగేది మరగబెట్టిన టీ. వంటవాళ్లు రోజంతా టీ కాచి, మందుగుండు ఖాళీ పీపాల్లో పోసి, కావిడి భుజాన వేసుకుని పని దగ్గరికి మోసుకెళ్లేవారు. అవును, కావిడే. మన తాత ముత్తాతలు మోసిన కావిడి. ఆ కంపెనీ తరఫున ఫోటోలు తీసిన ఆల్ఫ్రెడ్ హార్ట్, ఒక సొరంగం ముందు కావిడితో నిలబడ్డ టీ మనిషిని కెమెరాలో పట్టాడు. ఆ బొమ్మలు రెండేసి పక్కపక్కన అట్టకి అంటించి ఉండేవి. కళ్లద్దాల పెట్టెలాంటి దాంట్లో పెట్టి చూస్తే లోతుతో సహా కనిపించేవి. అమెరికాలో మధ్యతరగతి ఇళ్లలో సాయంత్రంపూట అదో కాలక్షేపం. కావిడి మోసే మనిషి వాళ్ల డ్రాయింగు రూముల దాకా వచ్చాడు. పేరు మాత్రం రాలేదు.

జీతం మాటకొస్తే, తెల్లవాళ్లకి జీతంతోపాటు తిండీ బసా కంపెనీవే. చైనావాళ్లు తమ తిండి తామే కొనుక్కోవాలి. 1867 జూన్‌లో వాళ్లు వేలమంది ఒక్కసారిగా పని ఆపేశారు. అప్పటికి కంపెనీ నెల జీతం 31 డాలర్ల నుంచి 35కి పెంచింది. వాళ్లు 40 అడిగారు, సొరంగంలో పని గంటలు తగ్గించమన్నారు. అల్లరి లేదు, గొడవ లేదు. శిబిరాల్లో కూర్చున్నారు, అంతే. కంపెనీ యజమానుల్లో ఒకడైన చార్లెస్ క్రాకర్ వాళ్లకి తిండి సరుకులు అందకుండా చేశాడు. చుట్టూ కొండలు, వేరే అంగడి లేదు. వారం రోజుల్లో సమ్మె ముగిసింది.

ఇక 1869 ఏప్రిల్ 28. ప్రొమొంటరీకి కొంచెం ఇవతల, ఒక్క రోజులో పది మైళ్ల పట్టాలు వేశారు. పది మైళ్ల 56 అడుగులు. గ్యాంగ్‌మన్ కొడుకుగా చెబుతున్నాను, ఆ లెక్క వినగానే నేను నమ్మలేదు. ఒక్కో పట్టా రెండున్నర క్వింటాళ్ల పైమాటే. వేలకొద్దీ మనుషులు కట్ట పొడుగునా వరసకట్టి, చెక్కలు పరిచేవాళ్లు పరుస్తూ, మేకులు కొట్టేవాళ్లు కొడుతూ, కంకర పోసేవాళ్లు పోస్తూ పొద్దున నుంచి సాయంత్రం దాకా నడుస్తూనే ఉన్నారు. పట్టాల్ని బండి మీంచి దించి పరిచినవాళ్లు ఎనిమిదిమంది ఐరిష్ పనివాళ్లు. ఆ ఎనిమిదిమంది పేర్లూ రాసిపెట్టారు. ఇవాళ్టికీ పుస్తకాల్లో ఉన్నాయి. రాయాల్సిందే, కాదనను. ఆ రోజు పనిలో ఉన్న వేలమంది చైనావాళ్లలో ఒక్క పేరు కూడా ఆ పట్టీలో లేదు. కంపెనీ జీతాల పుస్తకాల్లో సైతం చాలావరకు గుంపు పెద్ద పేరు మాత్రమే ఉంటుంది. ఆ పేరు కింద ముప్ఫైమందో నలభైమందో, ఉట్టి లెక్క. వాళ్లు ఇళ్లకి రాసిన ఉత్తరాలేమైనా దొరుకుతాయేమోనని స్టాన్‌ఫర్డ్‌లో పరిశోధకులు ఏళ్ల తరబడి అమెరికాలోనూ చైనాలోనూ వెతికారు. రైలు పనివాడు తన చేత్తో రాసిన ఒక్క ఉత్తరం ముక్క దొరకలేదు.

ఇక్కడ ఒక మాట. "కెమెరా వాళ్లని చూడలేదు" అని అంటూ ఉంటారు, చాలా వ్యాసాల్లో ఆ మాటే చదివాను. నాకది ఒప్పు అనిపించదు. కెమెరా చూసింది. పట్టాలు కలిసిన రోజే రసెల్, చైనా పనివాళ్లు ఆఖరి పట్టా వేస్తుండగా ఇంకో బొమ్మ తీశాడు. హార్ట్ బొమ్మల్లో వాళ్లు కనిపిస్తూనే ఉంటారు, రాళ్ల గుట్టల మీద, కట్టల మీద, బండ్ల పక్కన. ఆ పెద్ద ఫోటోలో కూడా వీపు ఇటు తిప్పి నిలబడ్డ ఒకడు చైనా పనివాడేనేమో అని కొందరు పండితులు అంటున్నారు. ఆ రోజే స్ట్రోబ్రిడ్జ్, ఆఖరి పట్టా వేసిన చైనావాళ్లని తన రైలు పెట్టెలోకి భోజనానికి పిలిచాడనీ, అక్కడున్నవాళ్లు జేజేలు కొట్టారనీ పత్రికల్లో వచ్చింది. కాబట్టి గాజు పలకలున్నాయి, బొమ్మలున్నాయి, వార్తలూ ఉన్నాయి. అచ్చుకి ఏ పలక తీయాలి, పిల్లల పుస్తకంలో ఏది వేయాలి అన్న దగ్గర జరిగింది ఈ పని. సీసాలు చాచుకుంటున్న బొమ్మ తీసుకున్నారు. పట్టా మోస్తున్న బొమ్మ డబ్బాలో ఉండిపోయింది.

పైసా ఉంటే అక్కడ లేనివాళ్లు కూడా బొమ్మలోకి వస్తారు, అదీ చూశాం. సెంట్రల్ పసిఫిక్ అధ్యక్షుడు లీలండ్ స్టాన్‌ఫర్డ్ ఆ రోజు గురించి థామస్ హిల్ అనే చిత్రకారుడితో పెద్ద రంగుల చిత్రం వేయించాడు. ఎనిమిది అడుగుల ఎత్తు, పన్నెండు అడుగుల వెడల్పు. 1881లో పూర్తయింది. గుర్తుపట్టగలిగేలా డెబ్భైమంది ముఖాలు. అందులో ఆ రోజు అక్కడ లేనివాళ్లు కూడా ఉన్నారు. ఈ రైలు దారికి మొదట కలగన్న ఇంజనీరు థియొడోర్ జూడా ఉన్నాడు. ఆయన పోయింది 1863లో! చివరికి స్టాన్‌ఫర్డ్‌కి ఆ చిత్రం నచ్చలేదు, డబ్బివ్వలేదు. హిల్ గారి మీద జాలిపడాలో, నవ్వాలో తెలియదు.

పాపం, రసెల్‌కి జరిగిందీ తక్కువేం కాదు. ఆ ఫోటో చాలాకాలం సాల్ట్ లేక్ సిటీ ఫోటోగ్రాఫరు చార్లెస్ సావేజ్ పేరుతో చలామణి అయింది. సావేజ్ కూడా ఆ రోజు అక్కడే ఉండి ఫోటోలు తీశాడు, అందుకే ఆ పొరపాటు. రసెల్ తీసిన గాజు పలకలు ఇంకొకాయన చేతికిపోతే, ఆయన వాటిని తెరమీద చూపిస్తూ ఉపన్యాసాలు ఇచ్చుకున్నాడు. అసలు తీసినవాడెవరో తేలింది ఇరవయ్యో శతాబ్దంలో. ఆ పలకలు ఇప్పుడు కాలిఫోర్నియాలో ఓక్లండ్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి.

ఇదే కాలంలో మన దగ్గర కూడా పట్టాలు పడుతున్నాయి. మద్రాసు నుంచి రేణిగుంట, కడప, గుత్తి మీదుగా రాయచూరు వైపు. 1871లో ఆ దారి రాయచూరులో బొంబాయి వైపు నుంచి వచ్చిన దారితో కలిసింది. ఆ కట్టలకి మట్టి మోసింది ఎవరు? దేశమంతటా రైలు కట్టలకి మట్టి పనిలో చేయి తిరిగినవాళ్లుగా పేరుపడ్డది మన వడ్డెరలు. కుటుంబం కుటుంబమంతా గాడిదలతో, పారలతో, తట్టలతో కదిలిపోయేవారు. ఆ ఆడవాళ్ల తట్టల లెక్క ఏ కంపెనీ కాగితంలోనైనా ఘనపు గజాల్లోనే ఉంటుంది.

ప్రొమొంటరీ ఊరు ఏమైందంటారా? ఆ ఏడాది చివరికే రెండు కంపెనీల బళ్లు మారే చోటు ఒగ్డెన్ అనే ఊరికి తరలిపోయింది. గుడారాలు లేచిపోయాయి. ఎక్కుడు దారి కాబట్టి వెనకనుంచి తోసే ఇంజన్లు ఉండటానికి షెడ్డు, కొన్ని ఇళ్లు మిగిలాయి. 1904లో ఉప్పు సరస్సు మీదుగానే నేరుగా చెక్క స్తంభాల వంతెన కట్టి, ఈ కొండదారిని తప్పించారు. అప్పట్నుంచి ప్రొమొంటరీ పెద్దలైన్ కాదు. 1942లో యుద్ధానికి ఇనుము కావాలని ఆ పట్టాలే పీకేశారు. పీకేటప్పుడూ ఒక చిన్న వేడుక చేశారట. మేకు దించినందుకు ఒకటి, పీకినందుకు ఒకటి.

ఇంజన్లు అంతకు ముందే తుక్కయిపోయాయి. 119ని 1903లో, జూపిటర్ని 1909లో విరగ్గొట్టారు. ఎవరికీ అవి చారిత్రక వస్తువులని తోచలేదు, పాత ఇంజన్లు పాత ఇంజన్లే. తర్వాత అక్కడ జాతీయ స్మారకం పెట్టి, ఆ రెండు ఇంజన్లూ మళ్లీ కావాలనుకున్నారు. తీరా చూస్తే అసలు డ్రాయింగులు లేవు. ఏం చేయాలి? ఆ పాత ఫోటోల్నే పెద్దవి చేయించి, వాటి మీద స్కేలు పెట్టి, చక్రం ఎంత, గొట్టం ఎంత, బోల్టు ఎంత అని కొలిచి కొలిచి కొత్తగా డ్రాయింగులు గీశారు. 1979 నాటికి రెండు ఇంజన్లూ తయారయ్యాయి, నిజంగా ఆవిరితో నడిచేవి. రసెల్ లాంటివాళ్లు గాలికి ఆరిపోకుండా కాపాడిన ఆ గాజుల్లోంచి ఇనుము మళ్లీ పుట్టింది.

ఒక్కటి మాత్రం ఫోటో చెప్పలేకపోయింది. రంగు. జూపిటర్ ఎర్రగా ఉండి ఉంటుందని ఎర్రరంగు వేశారు. కొన్నేళ్ల తర్వాత 1869 నాటి పత్రికలో ఒక వార్త బయటపడింది. ఆ ఇంజను నీలిరంగుదని అందులో రాసి ఉంది. మళ్లీ రంగు మార్చారు. నూరేళ్లకి పైగా అందరూ కళ్లు విప్పుకుని చూసిన ఫోటోలో ముఖ్యమైన వస్తువు ఏ రంగో ఎవరికీ తెలియదన్నమాట.

మనుషుల సంగతీ మెల్లమెల్లగా వెలికివచ్చింది. 1919లో ఒగ్డెన్‌లో యాభయ్యేళ్ల పండగ చేశారు. ఊరేగింపులో ముగ్గురు వృద్ధ చైనీయులున్నారు. వాంగ్ ఫుక్, లీ షావ్, గింగ్ కుయ్. ఆ లైను పని చేసినవాళ్లలో మిగిలినవాళ్లు. వాళ్ల ఫోటో ఉంది, ఈసారి పేర్లతో సహా. అప్పటికి వాళ్ల దేశపు కూలీల్ని అమెరికా గడప తొక్కనివ్వకుండా చేసిన 1882 నాటి చట్టం ఇంకా అమల్లోనే ఉంది. అది రద్దయింది 1943లో. 1969లో నూరేళ్ల పండగకి వచ్చిన రవాణా మంత్రి, అమెరికన్లు తప్ప ఇంకెవరు ఇంతటి కొండలు తొలవగలరన్న ధోరణిలో ప్రసంగించాడు. ఎదురుగా చైనా సంతతి వాళ్లు కూర్చుని ఉన్నారు. వాళ్ల తరఫున మాట్లాడాల్సిన ఆయనకి వేదిక మీద సమయం దొరకలేదు.

కార్కీ లీ అనే ఒక చైనా అమెరికన్ ఫోటోగ్రాఫరు ఉండేవాడు, న్యూయార్క్‌వాడు. బళ్లో చదివేటప్పుడు పాఠ్యపుస్తకంలో రసెల్ ఫోటో చూసి, చైనా ముఖం కోసం వెతికాడు. దొరకలేదు. ఆ వెతుకులాట అతణ్ణి వదల్లేదు. 2014 మే 10న, సరిగ్గా 145 ఏళ్లకి, ఆ రైలు పనివాళ్ల వారసుల్నీ ఇతర చైనా అమెరికన్లనీ పోగుచేసి ప్రొమొంటరీకి తీసుకెళ్లాడు. అవే రెండు ఇంజన్లు, ముక్కుకి ముక్కు, మధ్యలో వాళ్లంతా. ఫోటో తీశాడు. తాతల బదులు మునిమనవలు నిలబడ్డారు. కార్కీ లీ 2021లో కోవిడ్‌తో పోయాడు.

నాన్న పోకముందు ఒకరోజు, ఇంటికి సున్నం వేయిస్తూ ఆ గ్రూపు ఫోటో కిందికి దించాం. దుమ్ము తుడుస్తూ, మొదటిసారి దగ్గరగా పెట్టుకుని చూశాను. దొరగారి కుర్చీ ముందు కాలికి, నేలకి జానెడు పైన, తాడు చుట్టి ఉంది. కొబ్బరి తాడు, నాలుగు చుట్లు, గట్టి ముడి. నాన్నకి చూపించాను. కళ్లజోడు పైకి నెట్టుకుని చూశాడు.

"ఆ ముడి నాదే. బళ్లోంచి తెస్తుంటే దారిలో కాలు ఊడింది. ఫోటో అయిందాకా కదలొద్దని దొరగారి చెవిలో చెప్పా. చూడు, ఎంత బుద్ధిగా కూర్చున్నాడో" అన్నాడు.